బండి మనది – తాళపుచెవి ఎవరిది?

(పాల్వంచ పఠనాలయమున మేము చేసిన ఉపన్యాసము యొక్క పాఠము)



మోటారు బండ్ల యంత్రములను గూర్చి మాటలాడుటకు ఈ వకీలుకేమి పని యని మీలో కొందరు అనుకొనుచుండవచ్చును. మేమును మొదట అట్లే అనుకొంటిమి. గడచిన వర్షకాలమున ఒకనాటి ఉదయము ఒక ఆటో నడుపువాడు మా యింటి వాకిట వచ్చి నిలిచిన తరువాత ఆ యభిప్రాయమును మార్చుకొనవలసి వచ్చెను. అతనిది బ్యాటరీ ఆటో. ప్రొద్దుట బడిపిల్లలను చేరవేయుట, పిమ్మట బస్సుస్టాండు కడ బాడుగలు చూచుకొనుట అతని జీవనము. ఆనాడు పిల్లలను ఎక్కించుకొనవలసిన వేళకు బండి కదలలేదు. బ్యాటరీ నిండుగా నున్నది, దీపములు వెలుగుచున్నవి, చక్రము మాత్రము తిరుగదు. మిస్త్రీ వచ్చి తీగలన్నియు తడవి చూచి లోపమేదియు లేదనెను. "వకీలు సారూ, బండి ఖరాబు కాలే. ఎవరో ఆపిండ్రు" అని అతడు మాతో చెప్పినప్పుడు ఆ మాట మాకు సరిగా బోధపడలేదు.

విచారింపగా తేలినదేమన, అతని కిస్తీ ఆరు దినములు ఆలస్యమైనది. అప్పిచ్చిన సంస్థవారు దూరమున నున్న నగరమున కూర్చుండి తమ కంప్యూటరునందు ఒక మీట నొక్కిరి. ఇచ్చట పాల్వంచలో బండి నిలిచిపోయెను. జప్తుకు అమీను రాలేదు. కోర్టు ఉత్తరువు లేదు. నోటీసు లేదు. పంచనామా లేదు. పూర్వము బండిని లాగుకొనిపోవుటకు నలుగురు మనుష్యులైనను రావలసి యుండెను. వారి ముఖములు చూచి నాలుగు మాటలనుటకు వీలుండెను. ఇప్పుడు మనుష్యుడే కనబడడు. ఇరువదియేండ్లుగా జప్తు దావాలు నడుపుచున్న మాకు ఇట్టి జప్తు క్రొత్త. అందుచేత ఈ విద్య యేమో తెలిసికొనవలెనని పూనుకొంటిమి. తెలిసికొన్నంతమట్టుకు నేడు మీ యెదుట పెట్టుచున్నాము.

మొదట సంగతి యేమో చెప్పవలెను. మన యూరి షెడ్లలో పనిచేసిన పెద్ద మిస్త్రీలకు లారీ యనిన ఇనుము, నూనె, మంట. పంపు విప్పవచ్చును, నాజిలు తుడువవచ్చును, చెవియొగ్గి విని రోగము చెప్పవచ్చును. నేటి బండిలో ఆ ఇనుమునకు తోడు చిన్న చిన్న కంప్యూటర్లు చేరినవి. వానిని మిస్త్రీలు ఈసీయూ లందురు. ఇంజనునకు ఎంత డీజిలు పోయవలెనో ఒకటి నిర్ణయించును. బ్రేకు పట్టు నొకటి చూచుకొనును. ప్రమాద సమయమున గాలిసంచి విప్పవలెనా వలదా యని ఒకటి లిప్తపాటులో తేల్చును. విద్యుద్వాహనమునందు బ్యాటరీ వేడిని, నింపుదలను కనిపెట్టుట కొకటి. ఒక్క కారులో ఇట్టివి పదులకొలది యుండును. ఇవి తమలో తాము మాటలాడుకొనుటకు ఒక తీగమార్గము కలదు. జర్మనీలోని బాష్ సంస్థ 1986లో ప్రకటించిన ఆ పద్ధతికి క్యాన్ అని పేరు. ప్రతి పెట్టెయందును దాని నడవడిని శాసించు వ్రాత యొకటి యుండును. దానినే సాఫ్టువేరు అనుచున్నాము.

ఈ వ్రాతలో తప్పు దొరలినయెడల పూర్వము బండిని కంపెనీవారి కర్మశాలకు తోలుకొనిపోయి, తీగ తగిలించి, క్రొత్త వ్రాత ఎక్కింపవలసి యుండెను. ఇప్పుడు అనేక బండ్లలో ఒక సిమ్ము కార్డు దాగియున్నది. మన ఫోనులోని దాని వంటిదే. దాని ద్వారా కంపెనీవారి సర్వరునుండి క్రొత్త వ్రాత ఆకాశమార్గమున దిగివచ్చి పాతదాని స్థానమున కూర్చుండును. వ్రాత అంతయు మార్చనక్కరలేకయే, కొన్ని అంకెలు మాత్రము సవరించుటయు కలదు: వేగము ఇంతకు మించరాదు, బ్యాటరీ ఇంతకు మించి నిండరాదు, ఈ సౌకర్యము తెరువుము, ఆ సౌకర్యము మూయుము అని. మన ఆటోవాని బండిని ఆపినది ఈ రెండవజాతి పని. ప్రోగ్రామంతయు మారలేదు, "నడువవలదు" అను ఒక్క యంకె మారెను.

అట్లైన ఎవడైనను త్రోవను పోవువాడు మన బండికి ఉత్తరువు పంపగలడా యని మీరడుగుదురు. సరియైన ప్రశ్న. దీనికి ముద్ర యొకటి కలదు. కంపెనీవారి యొద్ద ఒక రహస్యపు తాళపుచెవి యుండును. దానితో వారు తాము పంపు వ్రాతమీద ముద్ర వేయుదురు. బండిలో దానికి జతయైన బహిరంగపు తాళపుచెవి యుండును. అది ముద్రను గుర్తుపట్టును గాని క్రొత్త ముద్రను పుట్టింపజాలదు. ముద్ర సరిపోలిననే బండి ఆ వ్రాతను అంగీకరించును. ఏర్పాటు చక్కగా నున్నది. దొంగలు చొరబడకుండుటకు ఇంతకంటె మంచి యుపాయము లేదనియు చెప్పుదురు. కాని రిజిస్ట్రేషను పుస్తకములో యజమానియని వ్రాయబడిన వాని చేతిలో ఆ రహస్యపు చెవి లేదు. ఈనాటి మా ప్రసంగమంతయు ఈ ఒక్క సంగతి చుట్టును తిరుగును.

ఈ విద్య చెడ్డదని మేము చెప్పబోవుట లేదు. ఒక యుదాహరణము మన తెలుగుగడ్డ మీదిదే. పెనుగొండ సమీపమున 2019 నుండి కార్లు తయారు చేయుచున్న కియా సంస్థవారు 2022 అక్టోబరులో తమ కారెన్స్ కార్లు 44,174 వెనుకకు పిలిచిరి. గాలిసంచిని శాసించు పెట్టెలోని సాఫ్టువేరున దోషముండవచ్చునని అనుమానము. మరల 2023 జూనులో ఆ రకపు కార్లనే 30,297 పిలిచిరి. చోదకుని యెదుటనుండు పలక తెల్లబోయి యేమియు చూపకపోవచ్చునని. ఈ రెండు పర్యాయములును విరిగిన మర లేదు, అరిగిన పళ్లచక్రము లేదు, మార్చవలసినది వ్రాత. ఖర్చు కంపెనీవారే పెట్టుకొనిరి. ఐనను యజమానులు వేలకొలది కార్లను డీలరు వాకిటికి తోలుకొనిపోవలసి యుండెను. పట్టణవాసికి అది ఒక పూట పని. మన్యపు సరిహద్దున నున్నవానికి దినమంతయు పోవును; అంతదూరమెందుకులే యని మానుకొన్నవాడు దోషముగల గాలిసంచితోనే తిరుగుచుండును. ఇట్టి సవరణ రాత్రి బండి వాకిట నిలిచియున్న వేళ తానుగా వచ్చి చేరిన ఎంత మేలో ఆలోచింపుడు.

అమెరికాలో 2023 డిసెంబరున టెస్లా కార్లు 20 లక్షలకు పైగా ఇట్లే సవరింపబడినవి. ఒక్కటియు కర్మశాలకు పోలేదు. అంతకు పూర్వము 2018లో ఆ కంపెనీవారి మోడల్ 3 కారును ఆ దేశపు వినియోగదారుల పత్రికవారు పరీక్షింపగా, గంటకు 60 మైళ్ల వేగమున బ్రేకు వేసిన 152 అడుగులు పోయి నిలిచెను. కొన్ని దినములలోనే దూరమునుండి క్రొత్త వ్రాత పంపిరి. మరల పరీక్షింపగా 133 అడుగులకే నిలిచెను. ఒక మర మార్చక, ఒక చుక్క నూనె పోయక, 19 అడుగులు! ఆ 19 అడుగుల మేర ఒక బిడ్డ నిలుచుండవచ్చును. ఇట్టి విద్యను తిట్టువాడు మూఢుడు. గాంధీ మహాత్ముడు యంత్రములను గూర్చి ఎంత కఠినముగా మాటలాడినను, సింగర్ కుట్టుమిషనును 1924లో మినహాయించెను. అది ఇంటిలో కూర్చుండిన మనిషి చేతికి లోబడియుండు యంత్రము. చేతికి లోబడుట అను ఆ కొలతబద్దతోనే మేము ఈ బండ్లను కొలువదలచితిమి.

ఇక రెండవ ప్రక్క చూడుడు. నార్వే రాజధాని ఓస్లోలో నగర బస్సులు నడుపు రూటర్ అను ప్రభుత్వ సంస్థ కలదు. వారు 2025లో రెండు విద్యుత్తు బస్సులను బయటి సంకేతములు చొరని ఒక కొండ లోపలికి తీసికొనిపోయి పరీక్షించిరి. ఒకటి డచ్చివారిది, కొంత పాతది. రెండవది చైనాలోని యుటాంగ్ సంస్థ నిర్మించిన క్రొత్తది. పాత బస్సునకు దూరమునుండి వ్రాత మార్చు శక్తియే లేదు. క్రొత్తదానికి కలదు, సవరణలకును, రోగనిర్ణయమునకును నిర్మాత నేరుగా బస్సులోని యంత్రాంగమును చేరగలడనియు, తలచుకొన్నచో దానిని ఆపనో పనికిరాకుండ చేయనో సిద్ధాంతరీత్యా సాధ్యమనియు తేల్చిరి. నిర్మాత అట్టి పని చేసెనని వారనలేదు. ఆ సంస్థయు తాము చట్టములకు లోబడియే నడచుకొనుచున్నామని చెప్పెను. అంతమాత్రమున రూటరువారు నిద్రపోలేదు. సిమ్ము కార్డు తీసివేసినచో బంధము తెగునని కనుగొనిరి. ఇకమీదట కొను బస్సులకు కఠిన నిబంధనలు పెట్టుదుమనిరి. బస్సు కొనుటకు ముందు బ్రేకును, టైరును పరీక్షించినట్లే తాళపుచెవి యెవరిదో కూడ పరీక్షించిరన్నమాట. హైదరాబాదులో మన ఆర్టీసీ విద్యుత్తు బస్సులు 2019 నుండి తిరుగుచున్నవి. అవి ఏ కంపెనీవైనను కానిండు, ఏ దేశపు బ్యాటరీతోనైన నడువనిండు. ఇట్టి పరీక్ష వానికిని జరుగవలెనని అడుగుటకు మనకు హక్కు కలదు.

పోలండు దేశపు కథ ఇంకను చిత్రము. అది దూరమునుండి చేసిన పని గాకున్నను ఈ సందర్భమున చెప్పదగినది. నేవాగ్ అను సంస్థ నిర్మించిన రైళ్లను మరియొక కర్మశాలవారు టెండరు పాడుకొని మరమ్మతు చేసిరి. అంతయు సరిగా బిగించిరి, రైలు కదలలేదు. ఎన్ని మారులు విప్పి బిగించినను కదలలేదు. తుదకు కొందరు యువకులను పిలిపించి లోపలి వ్రాతను చదివించిరి. పోటీ కర్మశాలలు ఎచ్చటెచ్చట నున్నవో ఆ స్థలముల అక్షాంశ రేఖాంశములు ఆ వ్రాతలో పొదిగియున్నవనియు, రైలు అట్టి తావున కొన్నాళ్లు నిలిచినచో తనకు తానే బిగిసికొనునట్లు వ్రాయబడినదనియు వారు 2023 డిసెంబరులో బహిరంగముగ చెప్పిరి. నిర్మాతలు ఆరోపణను ఖండించి కోర్టుల కెక్కిరి. తీర్పు మనము చెప్పనక్కరలేదు. మా దృష్టి ఆ కర్మశాలలోని కార్మికుల మీద నిలిచినది. చేతిపని యెరిగిన నిపుణులు. తప్పు తమదేనేమో యని ఎన్ని రాత్రులు వ్యాకులపడిరో! మన పాల్వంచ, కొత్తగూడెములలో లారీలు బాగుచేయు షెడ్ల మిస్త్రీకి కూడ రేపు ఈ గతి పట్టవచ్చును. అతడు బోల్టు సరిగా బిగించును. బండి మాత్రము కంపెనీవారి మాటకై ఎదురుచూచుచుండును.

ఉక్రేనియా యుద్ధమున 2022లో రష్యా సైనికులు మెలిటోపోల్ పట్టణమునుండి జాన్ డీర్ కోతయంత్రములను, ట్రాక్టర్లను దోచుకొని చెచ్న్యాదాక తరలించిరి. అచ్చటికి చేరిన పిమ్మట అవి కదలలేదు, దూరమునుండి బిగింపబడియుండెను. దొంగకు బుద్ధి వచ్చెనని లోకము సంతోషించినది, మేమును సంతోషించితిమి. పిదప ఒక్క క్షణమాలోచించిన, దొంగ చేతిలోని యంత్రమును ఆపిన మీటయే రైతు చేతిలోని యంత్రమును కూడ ఆపగలదని తోచకపోదు. ఇక 2015లో ఇద్దరు అమెరికా పరిశోధకులు ఇంట కూర్చుండి రహదారి మీద పోవుచున్న జీపు ఇంజనును మందగింపజేసిరి; ఆ పిమ్మట 14 లక్షల బండ్లను సవరింపవలసి వచ్చెను. తాళపుచెవి కంపెనీవాని చేతిలోనుండుట ఒక భయము. వాని చేతినుండి జారిపోవుట మరియొక భయము.

మూడవది యొకటి కలదు: చెవి గలవాడే లేకుండపోవుట. అమెరికాలో ఫిస్కర్ అను కార్ల కంపెనీ 2024 జూనులో దివాలా తీసెను. కొన్నవారి యిండ్ల ముందర కార్లున్నవి. సవరణలు పంపువాడు లేడు. ఆ యజమానులు సంఘముగా ఏర్పడి తమ బండ్లను తామే బ్రతికించుకొను యత్నము చేయవలసి వచ్చెను. మన దేశమున విద్యుత్తు స్కూటర్ల కంపెనీలు ఎన్ని పుట్టుచున్నవో, ఎన్ని మూతపడుచున్నవో మీరు చూచుచునే యున్నారు.

పట్టణపు మేధావులు ఈ చర్చలలో తరచుగా మరచు విషయ మొకటి కలదు. అది మన యడవి. 30వ నంబరు జాతీయ రహదారి మీద కొత్తగూడెము, పాల్వంచ దాటి భద్రాచలము దిక్కునకు పోవునప్పుడు, కిన్నెరసాని అభయారణ్యపు త్రోవలకు మళ్లినప్పుడు, గోదావరి దాటి చింతూరు వైపు సాగునప్పుడు ఫోనులోని గీతలు ఒక్కొక్కటే మాయమగుట మీ రందరును ఎరుగుదురు. సగము వ్రాత దిగిన తరువాత సంకేతము తెగినచో ఏమగును? మంచి యేర్పాటు గల బండిలో రెండు అరలుండును. క్రొత్త వ్రాత రెండవ అరలో పూర్తిగా దిగి, ముద్ర సరిచూడబడి, సక్రమమని తేలిన పిమ్మటనే బండి దానికి మారును. ఏమైన తేడా వచ్చినచో మొదటి యరలోని పాత వ్రాతతోనే నడచును. క్రొత్త ఖాతాపుస్తకము లెక్క సరిపోవువరకు పాతదానిని చింపని కోమటివలె నన్నమాట. చవుకరకము పెట్టెలలో అంత జాగా యుండదు, ఒక్కటే యర. పాతదానిని తుడిచి క్రొత్తది వ్రాయుచుండగా నడుమ విద్యుత్తు పోయినను, మరియొక తెగింపు వచ్చినను, పెట్టె ఉలుకుపలుకు లేక పడియుండును. నగరములో ఐన కర్మశాలవారు వచ్చి ఈడ్చుకొనిపోవుదురు. దమ్మపేటకో, చర్లకో, గుండాలకో రోగిని తీసికొనిపోవు బండికి ఆ గతి పట్టినచో ఎవరిని పిలువవలెను? పిలుచుటకు ఫోనైనను పలుకదు గదా.

ప్రభుత్వమువారికి ఈ సంగతి బొత్తిగా తెలియదనలేము. ప్రయాణికులను మోయు బండ్లకు స్థానసూచక యంత్రమును, ఆపత్సమయపు మీటను అమర్చవలెనని కేంద్రమువారు నిబంధన చేసిరి. క్రొత్తగా రిజిస్టరగు బండ్లకు 2019 జనవరి 1 నుండి అది వర్తించెను. దాని ప్రమాణమునకు ఏఐఎస్ 140 అని పేరు. సంకేతము లేని చోట యంత్రము తన జాడలను లోపలనే దాచుకొని, సంకేతము చిక్కినంతనే పంపవలెనని అందులో గలదు. మన యడవిని తలచియే వ్రాసిరా యనిపించును! ఆ యంత్రపు సాఫ్టువేరును, అమరికలను దూరమునుండి మార్చు వీలుండవలెననియు అందే గలదు. కాని మూడుచక్రముల బండ్లకు, ఈ-రిక్షాలకు ఆ నిబంధన వర్తింపదు. తత్ఫలితముగ ప్రభుత్వము తొంగిచూడని ఆ చిన్న బండిలోనే అప్పిచ్చినవాడు తన సొంత పెట్టెను బిగించుకొనుచున్నాడు. దానికి ప్రమాణమేది, తనిఖీ యెవరిది? మేము వెదకితిమి, మాకు కనబడలేదు.

ఇక మా వృత్తికి సంబంధించిన మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు నిర్మాత మొదట చెప్పినవానితో సరిపోలకుండునట్లు బండిని మార్చుటకు యజమానికి అధికారము లేదు. 2019 జనవరిలో కేరళ రాష్ట్రపు వ్యాజ్యెమున సుప్రీం కోర్టువారు ఈ నిషేధమును గట్టిగా నిలబెట్టిరి. మంచిదే; రోడ్డు అందరిది. కాని యజమాని తన సొంత బండిని తాకరాదని కట్టుదిట్టము చేసిన చట్టము, నిర్మాత అమ్మివేసిన పిమ్మట ఆ బండిని రాత్రికి రాత్రి మార్చుటను గూర్చి ఆ సెక్షనులో ఒక్క ముక్కయైన పలుకదు. బ్రేకు పట్టు మారినను, మోటారు బలము తగ్గినను, పత్రములో ఒక్క గీత పడదు. ప్రమాదము జరిగిన పిమ్మట చోదకుని మీద కేసు పెట్టుదురు. "ఆ దినమున నా బండిలో నున్న వ్రాత ఏది?" అని అతడు ప్రశ్నించినచో దానిని కోర్టు ముందు ఎవరు పెట్టుదురు? సాక్ష్యమంతయు కంపెనీవారి సర్వరులోనున్నది. సాక్షియు వారే, లేఖరియు వారే. ఇది సాక్ష్యశాస్త్రమునకే క్రొత్త చిక్కు.

"యజమాని సమ్మతించెను గదా" అని కంపెనీల తరఫు వకీళ్లు వాదింతురు. ఆ సమ్మతి ఎట్టిదో చూతము. తెర మీద ఇంగ్లీషున ఇరువది పుటల నిబంధనలు. క్రింద ఒక మీట. నొక్కనిదే బండి సంపూర్ణముగ పనిచేయదు. మా ఆటోవాడు తెలుగు కూడబలుక్కొని చదువును. అతడు దేనికి సమ్మతించినట్లు? బలవంతుడు వ్రాసిన అన్యాయపు షరతులకు బలహీనుడు చేవ్రాలు పెట్టినంతమాత్రమున అవి చెల్లవని 1986లోనే సుప్రీం కోర్టువారు బ్రజోనాథ్ గంగూలీ వ్యాజ్యెమున తీర్పిచ్చిరి. అన్యాయపు ఒప్పందములను ప్రశ్నించుటకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమున దారి గలదు. అప్పు వసూలునకు దండధారులను పంపి బండ్లు గుంజుకొనుట తగదని 2007లో ప్రకాశ్ కౌర్ వ్యాజ్యెమున సుప్రీం కోర్టువారే మందలించిరి. కంటికి కనబడని చేతితో గుంజుకొనుటయు ఆ మందలింపునకు లోబడునని మా వాదము. అప్పు ఎగవేయువారి పక్షము మేము పట్టుట లేదు. అప్పు తీర్చవలసినదే, వసూలునకు చట్టమున దారి గలదు. ఆ దారి కోర్టు వాకిటి మీదుగా పోవును.

ఐరోపా ఖండమువారు మనకంటె ముందు మేల్కొనిరి. ఐక్యరాజ్య సమితి వాహన నియమములలో 156వ నంబరుది 2021 జనవరి నుండి అమలులోనికి వచ్చినది. సవరణకు ముందు యజమానికి తెలుపవలెను, బ్యాటరీలో పని పూర్తియగునంత శక్తి యుండవలెను, పని చెడినచో బండి పాత వ్రాతకైనను భద్రమైన స్థితికైనను తిరిగిపోవలెను, ఏ బండిలో ఏ వ్రాత యున్నదో లెక్క యుండవలెను. ఆ నియమములు పుట్టిన 1958 నాటి ఒప్పందమున మన దేశము చేరలేదు. అవి మనలను కట్టవు. అదే తీరున ఏఐఎస్ 190 అని మనవారును ముసాయిదా వ్రాసిరి. వ్రాసినందుకు సంతోషము. అందు యజమానులు, చోదకులు, మిస్త్రీలు అడుగవలసినవి చేరినవా యనునదే ప్రశ్న. 2022 డిసెంబరులో వినియోగదారుల వ్యవహారముల శాఖవారు మరమ్మతు హక్కు పోర్టలు తెరచి అందు మోటారు బండ్లను కూడ చేర్చిరి. విడిభాగము దొరకు తావు చెప్పుటతోనే ఆ హక్కు ఆగిపోరాదు. ఆ భాగమును బండి అంగీకరించునట్లు చేయు వ్రాతయు షెడ్డులోని మిస్త్రీకి అందవలెను.

ఒక మిత్రుడు మాతో వాదించెను: "యజమానికి కాదనుహక్కు ఇచ్చినచో, మూర్ఖుడు ప్రాణరక్షకమైన సవరణను కూడ కాదనును గదా" అని. ఆ వాదమున బలము కలదు. దానికి మార్గము 2019లో సవరించిన చట్టమునందే యున్నది. 110ఏ సెక్షను క్రింద దోషముగల బండ్లను వెనుకకు పిలిపించు అధికారము ప్రభుత్వమునకు కలదు. ప్రాణభయముగల దోషమైనచో ప్రభుత్వము ఉత్తరువిచ్చి, కారణము ప్రకటించి, సవరణను తప్పనిసరి చేయవచ్చును. అది ప్రజలకు జవాబు చెప్పవలసిన అధికారము. తక్కిన సవరణలకు యజమాని మాటయే మాటగా నుండవలెను. ఏమి మారునో తెలుగులో, నాలుగు వాక్యములలో ముందుగా చెప్పవలెను. మారినది బండి పత్రములకు జోడింపబడవలెను. చక్రము తిరుగుచుండగా దేనిని తాకరాదు. కంపెనీ మూతపడినచో తాళపుచెవి ప్రభుత్వము నియమించిన చేతికి రావలెను.

ఈ వ్రాత వ్రాయువారు ఎవరనుకొంటిరి? సగము మంది మన పిల్లలే. హ్యుందాయి, జెడ్ఎఫ్, బాష్, స్టెల్లాంటిస్ మొదలగు సంస్థలవారు హైదరాబాదులో కార్యాలయములు పెట్టి మన యువకులచేత బండ్ల సాఫ్టువేరు పనులు చేయించుకొనుచున్నారు. ("సగము" అన్నమాట మా పొంగు, లెక్క కాదు.) బుద్ధి మనది, చెమట మనది, ముద్ర మాత్రము మరియొక దేశమున నున్నది. 1969 జనవరిలో ఈ పాల్వంచ థర్మల్ కేంద్రములోనే ముల్కీ హామీలు భంగపడినవని ఉద్యోగులు అలజడి లేపగా అది తెలంగాణమంతట వ్యాపించెను. మన నేల మీది యంత్రాగారమున మన మాట చెల్లదా యని నాడు అడిగిరి. పిమ్మటి ఉద్యమమున మేమును జెండా పట్టుకొని ఈ వీథులలోనే తిరిగితిమి. మన వాకిట నిలిచిన బండి మీద మన మాట చెల్లదా యని నేడు అడుగుట ఆ వరుసలోనిదే యని మాకు తోచుచున్నది.

ఆటోవాని సంగతి చెప్పి ముగింతుము. మూడవనాడు చేబదులు తెచ్చి అతడు కిస్తీ కట్టెను. అర్ధగంటలో చక్రము తిరిగెను. మూడు దినముల బడిపిల్లల బాడుగ పోయెను. ఇద్దరు తలిదండ్రులు వేరొక ఆటో కుదుర్చుకొనిరి. అతని యొప్పందపు కాగితము మేము చదివితిమి. బండిని దూరమునుండి ఆపవచ్చునన్న షరతు పదునొకండవ పుటలో, చిన్న యక్షరములలో, ఇంగ్లీషున నున్నది. సంస్థవారికి నోటీసు పంపితిమి, జవాబు రాలేదు. వచ్చిన పిమ్మట జిల్లా వినియోగదారుల కమిషనుకు పోవలెనా, హైకోర్టునకు పోవలెనా తేల్చుకొందుము. రవాణాశాఖవారికి వ్రాసిన విన్నపము ఈ పఠనాలయపు బల్లమీద నున్నది. బ్యాటరీ బండ్లు గలవారును, లారీ యజమానులును, ముఖ్యముగ మిస్త్రీలును చదివి, మేము వదలిన సంగతులేవైన నున్నచో ప్రక్కన వ్రాసి, చేవ్రాలు చేయ ప్రార్థన. ఆదివారము సాయంకాలము వరకు అది అక్కడనే యుండును.